ఎక్కడ నొక్కకూడదో తెలిసిన వేళ్లు

విరిగిన ఎముకకు వేసే పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువాళ్లు తక్కువ. కట్టు కట్టే చేతివాటానికి మన దగ్గర ఒక గౌరవం ఉంది. ఆ కళ్లతోనే ఇంకో కట్టును చూడాలి. వంకర పాదాలతో పుట్టిన పసివాళ్లకు వేసే సిమెంటు కట్టు అది.

వెయ్యిమంది పుడితే ఒకరిద్దరికి పాదం లోపలికి, కిందికి మెలితిరిగి ఉంటుంది. క్లబ్‌ఫుట్ అంటారు. దాదాపు సగంమందికి రెండు కాళ్లూ అంతే. వదిలేస్తే ఆ బిడ్డ అరికాలు నేల తాకదు, పాదం బయటి అంచు మీదో మీగాలు మీదో నడుస్తాడు. గ్రహణం వేళ కాళ్లు ముడుచుకు కూర్చుందని ఇంట్లో తల్లిని ఆడిపోసుకుంటారు. కూలికెళ్తే తప్ప గడవని ఇంట్లో ఆ మాట మోస్తూనే ఆమె ఆస్పత్రి దారి పట్టాలి.

ఈ కట్టుకు పద్ధతి ఏర్పరచినవాడు ఇగ్నాసియో పొన్సెటి. 1914లో స్పెయిన్‌లోని మినోర్కా దీవిలో పుట్టాడు. తండ్రి గడియారాలు బాగుచేసేవాడు, పిల్లవాడు పక్కన కూర్చుని సాయం చేసేవాడు. అంతర్యుద్ధంలో ఓడినవైపు సైన్యానికి వైద్యం చేశాడు, దేశం వదిలాడు, మెక్సికో పల్లెలో డాక్టరుగా ఉండి 1941లో అమెరికాలోని అయోవా చేరాడు. చిన్నప్పుడు ఆపరేషన్ చేసిన వంకర పాదాలు పెద్దయ్యాక బిగుసుకుపోయి నొప్పి పెట్టడం అక్కడ చూశాడు. కత్తి పక్కన పెట్టి పాదంలోని చిన్న ఎముకలు ఒకదానితో ఒకటి ఎలా కదులుతాయో పరిశీలించాడు. గడియారం విప్పిన చేతులు మరి!

ఆయన పనితనమంతా బొటనవేలిని ఆనించే చోటులో ఉంది. అంతకుముందు కైట్ అనే డాక్టరు కూడా కట్లతోనే సరిచేసేవాడు. పాదం బయటి అంచు మధ్యలో నొక్కేవాడు. దాంతో మడమ తిరిగే దారి మూసుకుపోయి, కట్లు నెలల తరబడి సాగేవి. పొన్సెటి బొటనవేలు అక్కణ్ణించి కాస్త పైకి, చీలమండ ముందు బయటివైపు తగిలే టేలస్ ఎముక తల మీదికి జరిగింది. అది ఇరుసు. దాన్ని కదలకుండా పట్టి మిగిలిన పాదాన్ని బయటికి తిప్పితే మడమ తనంత తానే వెనకాల వస్తుంది. మడమను ముట్టుకోనే కూడదు. జరిగిన దూరం ఒక సెంటీమీటరో ఏమో!

మొదటి కట్టు చూస్తే తల్లి గుండె జారుతుంది. పాదం ఇంకా వంకరైనట్టే కనబడుతుంది. బిడ్డ కాలి బొటనవేలి వరస కిందికి వాలి ఉంటుంది కాబట్టి ముందు దాన్ని పైకెత్తి మిగతా వేళ్ల వరసలో కలపాలి. ఆ తర్వాతే తిప్పడం. అవతలివైపుకు మెలిపెట్టి సరిచేద్దామనుకున్నవాడు పాదాన్ని పాడుచేస్తాడు. చూసేవాళ్లకు తప్పనిపించేదాన్ని ధైర్యంగా చేయడం చేయి తిరిగినవాళ్ల లక్షణం.

కట్టు వేసేటప్పుడు బిడ్డ పాలు తాగుతూ ఉంటే మంచిది, కాలు సడలుతుంది. దూది పలచగా చుట్టాలి, మందమైతే కట్టు పట్టు నిలవదు. సిమెంటు తడిగా ఉన్న ఆ కాసేపట్లో వేళ్లు ఒకేచోట అదిమి ఉంచకూడదు, పుండు పడుతుంది. నొక్కి వదలాలి, మళ్లీ నొక్కి వదలాలి. ముందు మోకాలి దాకా వేసి, గట్టిపడ్డాక మోకాలు మడిచి తొడ దాకా తీసుకుపోవాలి. వేళ్ల పైన కత్తిరించి, కింద ఆనుకోవడానికి పలక వదిలేయాలి. వారానికొకటి చొప్పున అయిదారు కట్లు. పసివాళ్ల స్నాయువులు ఆ వారంలో సాగి కొత్త కొలతకు అలవాటు పడతాయి. చివర్లో చాలామందికి మడమ వెనక స్నాయువు బిగువుగా మిగులుతుంది. అక్కడి చర్మానికి మత్తుమందిచ్చి సన్నని కత్తితో తెంచుతారు. మూడు వారాల కట్టులో అది పొడవుగా అతుక్కుంటుంది.

ఈ పనికి పెద్ద ఆపరేషన్ గది అక్కర్లేదు. మలావిలో డాక్టర్లు కాని వైద్య సిబ్బందికి నేర్పితే వాళ్లూ చక్కగా చేశారు. మన దేశంలో 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో క్లబ్‌ఫుట్ ఉంది. ఖర్చంతా బస్సు చార్జీల్లో, పోయిన కూలీలో ఉంటుంది. ఆరు వారాలంటే ఆరు కూలిరోజులు. నా దృష్టిలో ఈ వైద్యానికి అసలు పరీక్ష అదే.

కట్లు విప్పాక పని తల్లి చేతికొస్తుంది. రెండు బూట్లు, మధ్యలో భుజాల వెడల్పు కడ్డీ. సరిచేసిన పాదం బయటికి 70 డిగ్రీల దాకా తిరిగి ఉండాలి. మూడు నెలలు రోజుకి 23 గంటలు, ఆ తర్వాత నాలుగేళ్లు వచ్చేదాకా నిద్రలో. మానేస్తే పాదం మళ్లీ తిరుగుతుంది. మొదటి రాత్రుళ్లు బిడ్డ ఏడుస్తాడు, ఇంట్లో ఎవరో ఒకరు జాలిపడి తీసేయమంటారు. ఉగాండాలో స్టీన్‌బీక్ అనే డచ్చి పనివాడు ఈ బూట్ల జతను స్థానిక తోలుతో, ఇనప కడ్డీతో అక్కడి చిన్న కార్ఖానాల్లోనే చేసేలా రూపొందించాడు. ఆ బూటు వెనక మడమ దగ్గర చిన్న కన్నం ఉంటుంది. పట్టీ బిగించాక తల్లి కాలు పైకెత్తి అందులోంచి చూస్తుంది. మడమ కనబడితే సరే. కనబడకపోతే పట్టీ విప్పి, మళ్లీ మొదలు.