వదులైన పగ్గమే పాఠం

పని మధ్యలో చేతులెత్తేసిన మనిషిని ‘కాడి కింద పడేశాడు’ అంటాం. నిజంగా కాడి పడేసిన ఎద్దు కనబడితే మాత్రం ముందు అడగాల్సింది దాన్ని కాడికి మరిగించిన చెయ్యి ఎలాంటిదని. ఎందుకంటే మొరాయించే ఎద్దులు చాలావరకు కోడె వయసులో భయపడ్డవే.

బోధన్ చెరకు నేలలో ఆ చేతికి ఎంతో విలువ ఉండేది. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. 1937లో బోధన్ దగ్గరి శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. కాలువ నీళ్లతో పెరిగిన చెరకును ఎడ్లబండ్లు గేటుదాకా మోసేవి. కోసిన చెరకులో తీపి నిలవదు కాబట్టి బండి ఆలస్యం కాకూడదు. అలాగని ఉరికే ఎడ్లూ పనికిరావు. గట్టు మీద నింపాదిగా నడవాలి, బండ్ల వరసలో ఓపిగ్గా నిలబడాలి, యంత్రాల చప్పుడుకు బెదరకూడదు. లాతూరు వైపు దేవణి, నాందేడ్ వైపు ఎర్ర కంధారి జాతులు బరువు పనికి పేరున్నవే. అయినా జాతి బలాన్నే ఇస్తుంది, నెమ్మది మనిషి నేర్పాలి.

మొదటి పాఠం తాడుతో కాదు, అరచేతితో. చెవులు, మూపురం, గంగడోలు, గిట్టలు రోజూ నిమిరితే మనిషి చెయ్యి తగలగానే కోడె ఉలిక్కిపడటం మానుతుంది. ముక్కు కుట్టాక ఆ పుండు పూర్తిగా మానేదాకా ముకుతాడును లాగకూడదు. పచ్చిపుండు మీద పడ్డ ఒక్క గుంజుడు ఆ కోడెకు జన్మంతా గుర్తుంటుంది.

ఈ విద్య అసలు కిటుకు పగ్గంలోనే ఉంది. కుడికి తిప్పాలంటే కుడి పగ్గాన్ని మెల్లగా బిగిస్తారు. కోడె ఒక్క అడుగు అటు వేయగానే, ఆ క్షణంలోనే, వేళ్లు సడలాలి. లాగినందుకు కాదు, వదిలినందుకు అది నేర్చుకుంటుంది. చెప్పినట్టు తిరిగాక కూడా పగ్గం బిగిసే ఉంటే ‘ఏం చేసినా నొప్పి తప్పదు’ అనుకుని ముక్కు మొద్దుబారి మొండికేస్తుంది. గుర్రానికి కళ్లెం అలవాటు చేసేవారిదీ ఇదే సూత్రం. బలవంతంగా చేయించిన పనిలో అందం ఉండదని గ్రీకు రచయిత జెనోఫోన్ రెండువేల ఏళ్లకు ముందే గుర్రాల గురించి రాశాడు.

తర్వాత కాడి. రెండు పండ్లు వేసిన కోడెను అనుభవమున్న ముసలి ఎద్దుకు జతకడతారు. అది ఆగితే ఇది ఆగుతుంది, అది నడిస్తే ఇదీ నడుస్తుంది. దాపల (ఎడమ) కట్టిన కోడెను దాపలే ఉంచాలి, వలపలది (కుడి) వలపలే. మొదట వట్టి కాడి, ఆపైన ఒక మొద్దు, తర్వాత ఖాళీ బండి, చివరికి బరువు. చల్లపూట కాసేపు చాలు. బాగా నడిచినప్పుడే కాడి దించాలి. మొరాయించినప్పుడు దించితే మొరాయించడమే నేర్చుకుంటుంది.

సరిగ్గా లాగే ఎద్దును దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. తల ముందుకు చాచి, మెడ దించి, మూపురం ముందు కాడిని ఆనించుకుని అడుగు వేస్తుంది. తోక ఝాడించదు. బండి నింపేవాడికీ ఇందులో బాధ్యత ఉంది. బరువు ముందుకు పడితే కాడి మెడను అదుముతుంది, వెనక్కి పడితే పట్టెడ గొంతుకు బిగుస్తుంది. ఆ తప్పుకు కోడెను కొట్టడం అన్యాయం.

ములుకోల వాడవద్దని 1965 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. రోజుకు 9 గంటలకు మించి పని చేయించరాదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా కాడి కట్టరాదు. మంచి రైతుకు ఇవి చట్టం చెప్పాల్సిన మాటలు కావు.

2015లో ఫ్యాక్టరీ మూతపడింది. అంతకు ముందే ట్రాక్టర్లు వచ్చాయి. సాళ్ల మధ్య గుంటుక తోలే చోట్ల ఇంకా ఎడ్ల జతలు కనిపిస్తాయి. వాటిని మరిగించే నేర్పు పుస్తకాల్లో లేదు, పెద్దల వేళ్లలో ఉంది. వాళ్లుండగానే పిల్లలు ఆ పగ్గం పట్టుకుని చూడాలి.

పొలాల అమావాస్య నాడు ఎద్దుకు కాడి కట్టరు. కడిగి, కొమ్ములకు రంగులేసి, గంటలు కట్టి ఊరేగిస్తారు. పక్కనే మరాఠ్వాడాలో ముందురోజే మెడలకు పసుపు, నెయ్యి రాస్తారు. ఆ రోజు ఎవరి ఎద్దు రంగుల్లో మెరుస్తోందని కాక, ఎవరి ఎద్దు మెడ మీద పుండు లేదో చూడండి. దాన్ని మరిగించిన చెయ్యి ఎవరిదో అడిగి తెలుసుకోండి.