ఒక్క అంకె దిద్దకుండా

మత్స్య పురాణం లెక్కలో ఆంధ్ర రాజులు, అంటే సాతవాహనులు, ముప్పై మంది, ఏలింది 460 ఏళ్లు. వాయు పురాణం కూడా ముప్పై మందనే అంటుంది గానీ, పేర్ల దగ్గరికి వచ్చేసరికి ప్రతిని బట్టి పదిహేడో, పద్దెనిమిదో, పంతొమ్మిదో తేలుతాయి. ఒక ప్రతిలో ఏళ్లన్నీ కూడితే మూడు వందలే. ఇంత తేడా చూసి పుక్కిటి పురాణమని పక్కన పడేయడం తేలిక. చరిత్రకారుడు ఆర్.జి. భండార్కర్ అలా చేయలేదు. పొడుగు పట్టికలో వంశంలోని అన్ని శాఖల వారూ చేరారనీ, పొట్టి పట్టికలో పెద్ద శాఖ వారే ఉన్నారనీ ఊహించాడు.

రాసినవాళ్లు ఎలా లెక్కపెట్టారో ముందు కనుక్కునే ఈ ఓపికంటే నాకు గొప్ప గౌరవం. బైబిల్ రాజుల గ్రంథాల మీద ఎడ్విన్ థీలె చేసిన పని ఇందుకు మేలిమి ఉదాహరణ. అహాబు తర్వాత అహజ్యా రెండేళ్లు, యెహోరాము పన్నెండేళ్లు ఇశ్రాయేలును ఏలారు, ఆపైన యెహూ వచ్చాడు. మొత్తం పద్నాలుగు. అష్షూరు శాసనాలేమో క్రీ.పూ. 853లో అహాబు ఖర్ఖర్ యుద్ధంలో ఉన్నాడనీ, 841లో యెహూ కప్పం కట్టాడనీ చెబుతాయి. మధ్య ఉన్నవి పన్నెండేళ్లే. మరి రెండేళ్లు ఏమైనట్టు? ఇశ్రాయేలులో అప్పట్లో, గద్దెనెక్కిన ఏడాదిలో కొన్ని నెలలే మిగిలినా దాన్ని కొత్త రాజు మొదటి ఏడుగా రాసుకునేవారని థీలె చూపించాడు. అదే ఏడు పోయిన రాజు ఖాతాలోనూ ఉంటుంది. రాజుకొక ఏడు తగ్గిస్తే అహజ్యాకు ఒకటి, యెహోరాముకు పదకొండు. సరిగ్గా పన్నెండు! గ్రంథంలో ఒక్క అంకె దిద్దలేదు. 1951లో వచ్చిన థీలె పుస్తకంలో విప్పిన ముడులన్నిటినీ అందరూ ఒప్పుకోలేదు, కానీ ఈ ముడి విప్పిన తీరు మాత్రం ముచ్చటేస్తుంది.

థీలెకు అష్షూరు రాళ్లు సాక్ష్యం పలికితే, మనకు గోదావరి ఒడ్డున కోటిలింగాల పలికింది. పాత కరీంనగర్ జిల్లాలోని (ఇప్పుడు జగిత్యాల) ఆ ఊరి పాత దిబ్బను 1979 నుంచి 1983 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వింది. అక్కడ దొరికిన నాణేలను చదివిన వారిలో పి.వి. పరబ్రహ్మశాస్త్రి ముఖ్యులు. పని చూడండి: బిళ్ల చిన్నది, అచ్చు పెద్దది. అంచు చుట్టూ తిరిగే బ్రాహ్మీ అక్షరాల్లో సగం బిళ్ల మీద పడనే పడవు. పడినవి కూడా అరిగిపోయి ఉంటాయి. ఒక నాణెం మీద మొదలు, ఇంకోదాని మీద చివర చూసి పేరును కూర్చుకోవాలి. అలా తేలినవాటిలో ఒకటి చిముక సాతవాహనుడి పేరు. పురాణాల్లో శిశుకుడిగా, సింధుకుడిగా మారిన మొదటి రాజు ఇతనేనని శాస్త్రిగారి నిర్ణయం. నానేఘాట్ శాసనంలోని సిముకుడు దానికి దన్ను. ఈ చిముకుడి నాణేలు తర్వాతి కాలపు మరో రాజువనే వారూ ఉన్నారు. అయినా గోబద, నారన, కంవాయ అని పురాణాలెరగని రాజులు కూడా అదే నేలలోంచి లేచి వచ్చారు.

460 ఏళ్లా, మూడు వందలా అన్నది నాణేలు తేల్చలేదు, వాటి మీద సంవత్సరం ఉండదు కనుక. దిబ్బలో తవ్వింది కొంతే. మిగతాదాన్ని నీటి ముంపు పాలు చేయకుండా తవ్వించాలి. కరీంనగర్ వెళ్లినప్పుడు పురావస్తు మ్యూజియంలో ఒక గంట గడపండి, పిల్లలను వెంట తీసుకెళ్లండి.