పాటకు జవాబుగా ఎనిమిది పేజీలు

ఒకప్పుడు సినిమా హాళ్ల దగ్గర పాటల పుస్తకాలు అమ్మేవారు. కాస్త కథ చెప్పి, మిగతాది వెండితెరపై చూడమని ఆపేసి, తర్వాత పాటలన్నీ వరుసగా వేసేవారు. నచ్చిన పాట రేడియోలో ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసే రోజుల్లో ఆ పుస్తకం పెద్ద ఆసరా. ఇప్పుడు ఆ పని ఫోను చేస్తోంది. అందుకే నలుగురు కలిసి ఇష్టమైన పాట మీద చేత్తో జీన్, అంటే జెరాక్సు తీసి పంచుకునే చిట్టి పత్రిక, చేయాలనుకున్నప్పుడు చరణాలు ముత్యాల్లా రాసి చుట్టూ పూలు గీస్తే ఆ శ్రమకు తగ్గ ఫలితం దక్కదు. పాట మీద చేసే జీన్‌లో పాట ఉండనక్కర్లేదు, దాన్ని ఎవరెలా విన్నారో ఉండాలన్నది నా వాదన.

జీన్‌ల చరిత్ర కూడా ఇదే చెబుతోంది. 1976లో లండన్‌లో మార్క్ పెర్రీ అనే బ్యాంకు గుమాస్తా రమోన్స్ బృందం పాట నుంచి పేరు తీసుకుని ‘స్నిఫిన్ గ్లూ’ మొదలుపెట్టాడు. టైపు కొట్టిన కాగితాలు, స్కెచ్ పెన్ను శీర్షికలు, జెరాక్సు కాపీలు అతని సరంజామా. పాఠకులకు అతనిచ్చింది పాటల ప్రతి కాదు, ఆ సంగీతం విన్న మనిషి అభిప్రాయం. 1990ల మొదట్లో అమెరికాలోని ఒలింపియాలో బికినీ కిల్ బృందం సభ్యులు కూడా అదే పేరుతో కలిసి జీన్ చేసి, తమ ఆలోచనలను అందులో రాసుకున్నారు. పైగా ఒకే పాటను అందరూ ఒకేలా వినరు. పాటలో వాన అన్న మాట వచ్చిందనుకోండి. నాట్ల కోసం ఆకాశం వైపు చూసే ఇంట్లో అది వరం. కల్లంలో మిర్చి ఆరబోసుకున్న ఇంట్లో పరుగున వెళ్లి పట్టాలు కప్పాల్సిన గండం. చినుకుల బొమ్మ వేస్తే ఈ తేడా కనబడదు. మిర్చి రాశి మీద పట్టా బొమ్మ వేస్తే ఆ పాటకు కొత్త అర్థం వస్తుంది. పదిమంది కలిసి చేయాల్సిన అవసరం అక్కడే పుడుతుంది.

అయితే ఎవరి పేజీ వారిదని వదిలేస్తే అది విడి కాగితాల కట్టే అవుతుంది. దీనికి మన పాటలోనే దారి ఉంది: పల్లవి అందరిదీ, చరణం ఒక్కొక్కరిదీ. ఒక ఏ4 కాగితాన్ని అడ్డంగా పెట్టి, వరుసకు నాలుగు చొప్పున రెండు వరుసల్లో ఎనిమిది గళ్లు వచ్చేలా మడిచి, రెండు వరుసల నడిమి మడత మీద మధ్యలోని రెండు గళ్ల మేర కత్తిరించి మళ్లీ మడిస్తే కుట్టు, పిన్ను లేకుండానే ఎనిమిది పేజీల పుస్తకం తయారవుతుంది. పై వరుస నాలుగు పేజీలనూ తలకిందులుగా గీయాలి, మడిచాక అవే నిటారుగా నిలుస్తాయి. ప్రతి పేజీలో అడుగు నుంచి ఒకే ఎత్తులో ఒక నల్లటి గీత సాగాలని ముందే ఒప్పందం చేసుకోవచ్చు. అదే పల్లవి. ఒకరు దాన్ని పొలం గట్టు చేస్తారు, ఇంకొకరు దండెం చేస్తారు. పేజీ తిప్పినప్పుడల్లా అది తిరిగొస్తుంది. లేత పెన్సిల్ గీత జెరాక్సులో వెలిసిపోతుంది కాబట్టి ఇంకుతోనే గీయాలి.

ఇలా కట్టడి పెడితే స్వేచ్ఛ పోతుందని కొందరంటారు. కానీ తెలుగు సినిమాలో ఎన్నో పాటలు ముందు బాణీ కట్టి, తర్వాత మాటలు కూర్చినవే. ఆ కొలతలో ఒదిగే మన కవులు గొప్ప పాటలు రాశారు. అందరికీ బొమ్మలు రావు కదా అన్నది మరో అభ్యంతరం. నిజమే, కానీ పాటకు జవాబివ్వడానికి చిత్రకళ తప్పనిసరి కాదు. చేతిరాతలో రెండు వాక్యాలు, అతికించిన బస్సు టికెట్టు కూడా చాలు. పాట తెలియనివారి సంగతేమిటన్న ప్రశ్న ఇంకా గట్టిది. చివరి పేజీలో పాట పేరు, రాసినవారి పేరు వేస్తే చదివినవారు వెతికి వింటారు. పైగా మన 1957 కాపీరైటు చట్టం ప్రకారం రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు సాహిత్యంపై హక్కు ఉంటుంది. అనుమతి లేకుండా చరణాలు అచ్చువేసి పంచడం కన్నా రచయిత పేరు చెప్పి సొంత మాట రాయడమే గౌరవం.

అందుకే పాట మీద జీన్ మొదలుపెట్టేవారు రంగులూ కాగితాలూ ఎంచుకునే ముందు పాటను కలిసి వినాలి. విన్నాక, మాట్లాడుకోకముందే, ఎవరికి తోచింది వారు రాసుకోవాలి. ఆ రాతల్లో తేడాలు దొరికితే పుస్తకానికి సరుకు దొరికినట్టే. అందరూ ఒకే మాట రాస్తే ఇంకో పాట వెతుక్కోవడం మంచిది.