రాబర్ట్ బ్లై: ఎదుటి పేజీలో మూలం

అమెరికన్ కవి రాబర్ట్ బ్లై 2021 నవంబరులో, తొంభై నాలుగేళ్ల వయస్సులో చనిపోయాడు. చాలా పత్రికలు అతన్ని 'ఐరన్ జాన్' రచయితగా, మగవాళ్లను అడవి శిబిరాలకు తీసుకుపోయి డప్పులు కొట్టించిన ఉద్యమానికి మూలపురుషుడిగా గుర్తుచేసుకున్నాయి. కవిత్వంతో సంబంధమున్న మనకు ఆ బ్లై అంత ముఖ్యుడు కాడు. పాబ్లో నెరూడానీ, సెసార్ వయెహోనీ అమెరికన్ యువకవుల చేతుల్లో పెట్టిన సంపాదకుడు, అనువాదకుడు ముఖ్యుడు. మన భాషలో నెరూడాను చదివినవాళ్లలో అత్యధికులు ఇంగ్లీషు ద్వారానే చదివారు. కనుక ఆ ఇంగ్లీషు నెరూడా ఎవరి చేతుల మీదుగా, ఏ రూపంలో వచ్చాడన్నది పరాయి దేశపు సాహిత్య చరిత్ర అని వదిలిపెట్టదగిన ప్రశ్న కాదు.

బ్లై 1926లో మిన్నెసోటా రాష్ట్రంలో, నార్వే నుంచి వలస వచ్చిన రైతుల వంశంలో పుట్టాడు. రెండో ప్రపంచయుద్ధం చివర్లో నౌకాదళంలో చేరి, తరువాత హార్వర్డ్‌లో చదివి 1950లో పట్టా పుచ్చుకున్నాడు. అవి అమెరికన్ కవిత్వాన్ని విశ్వవిద్యాలయాలు ఏలుతున్న రోజులు. ఎలియట్ మాట వేదవాక్కు. కవిత అంటే వ్యంగ్యాన్నీ, చమత్కారాన్నీ పొందికగా అమర్చిన వస్తువు. కవి బతుకుతోనూ కాలంతోనూ దానికి పని లేదు. 1956లో బ్లై నార్వేజియన్ కవిత్వాన్ని అనువదించడానికి ఫుల్‌బ్రైట్ వేతనం మీద ఓస్లో వెళ్లాడు. అక్కడి గ్రంథాలయంలో అతనికి నెరూడా, వయెహో, జర్మన్ భాషా కవి గియోర్గ్ ట్రాక్ల్ దొరికారు. హార్వర్డ్‌లో చదువుకున్న అమెరికన్ యువకుడికి పొరుగు ఖండపు మహాకవి పరిచయం కావడానికి అట్లాంటిక్ దాటి ఉత్తర ధ్రువం వైపు పోవలసి వచ్చిందన్నమాట. నెరూడా కమ్యూనిస్టు. కవుల సభ కోసం న్యూయార్క్‌లో అడుగుపెట్టడానికి 1966లో కూడా వీసా దగ్గర అతనికి చిక్కు తప్పలేదు. పుస్తకాలకు వీసా అక్కర్లేదు గాని, దేశంలోని అభిరుచే కాపలాదారు పని చేసినప్పుడు అవీ సరిహద్దు దగ్గరే ఆగిపోతాయి.

బ్లై తిరిగివచ్చి, 1958లో విలియం డఫీతో కలిసి 'ది ఫిఫ్టీస్' అనే చిన్న పత్రిక మొదలుపెట్టాడు. దశాబ్దం మారగానే అది 'ది సిక్స్టీస్' అయింది. దేశంలో అచ్చవుతున్న కవిత్వంలో చాలాభాగం పాతబడిపోయిందని మొదటి సంచికే ప్రకటించింది. 'క్రంక్' అనే మారుపేరుతో బ్లై తన తరం కవులను ఒక్కొక్కరినే తీసుకుని తూచాడు. మర్యాద కోసం ఎవరినీ మెచ్చుకోలేదు. తిప్పిపంపిన కవితలతో పాటు పెట్టిన వెటకారపు ఉత్తరాలకు పెద్ద పేరే వచ్చింది. ఇదంతా కుర్రతనపు దుడుకు అనిపించవచ్చు. కాని చిన్న పత్రిక పెట్టి, ఎవరినీ నొప్పించకుండా నాలుగు సంచికలు వేసి మూసేసేవాళ్లతో పోల్చి చూడండి. మిన్నియాపొలిస్‌లో పాఠాలు చెప్పుకుంటూ, తన ఛందోబద్ధ కవిత్వంతో తనకే విసుగు పుట్టి ఉన్న జేమ్స్ రైట్ ఆ పత్రిక చదివి బ్లైకి ఉత్తరం రాశాడు. ఆ స్నేహం నుంచి రైట్ 1963 సంపుటి 'ది బ్రాంచ్ విల్ నాట్ బ్రేక్' వచ్చింది. ఆ తరం మీద దాని ప్రభావం చిన్నది కాదు.

ఆ పత్రికకు అనుబంధంగా బ్లై వేసిన చిన్న పుస్తకాలు మరీ ముఖ్యం. 1961లో ట్రాక్ల్ కవితలు ఇరవై, 1962లో వయెహో కవితలు ఇరవై, తరువాత నెరూడావి ఇరవై. కొన్ని రైట్‌తోనూ, జాన్ నోఫుల్‌తోనూ కలిసి చేశాడు. వయెహో పుస్తకంలో ఒక పేజీ మీద స్పానిష్ మూలం, ఎదుటి పేజీ మీద అనువాదం. ఇది కేవలం అచ్చు పద్ధతి కాదు. నేను తప్పు చేస్తే పట్టుకో అని అనువాదకుడు పాఠకుడికి ఇచ్చే హక్కు.

ఇక్కడి నుంచే చిక్కు మొదలవుతుంది. బ్లై ఈ కవుల్లో ఏమి చూశాడు? 1963లో రాసిన 'అమెరికన్ కవిత్వంలో తప్పు మలుపు' అనే వ్యాసంలో అతను ఎలియట్, పౌండ్, విలియమ్స్‌లను కలిపి దుయ్యబట్టాడు. వాళ్లు కవిత్వాన్ని బాహ్య వస్తువులకు కట్టేశారనీ, స్పానిష్ కవుల్లో అంతర్లోకం ఉందనీ, అచేతనలోంచి పైకి ఎగిసే పదచిత్రమే కవిత్వానికి ప్రాణమనీ అతని వాదం. ఎండిపోయిన విశ్వవిద్యాలయ కవిత్వానికి అది మంచి మందే. కాని ఆ అంతర్లోకం ఎక్కడి నుంచి వచ్చింది? వయెహో పదచిత్రాల్లోని ఆకలి పారిస్‌లో అతను నిజంగా పడ్డ ఆకలి. నెరూడా స్పెయిన్ అంతర్యుద్ధాన్ని కళ్లారా చూసి మారిన కవి. బ్లై ఆ సంగతి దాచలేదు. యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ మీద నెరూడా రాసిన కవితను అతనే అనువదించాడు. అయితే అనువాదంలో చోటు దొరికిన కంపెనీకి సిద్ధాంతంలో చోటు చాలలేదు.

అతని సొంత కవిత్వంలో ఈ లోటు ఇంకా స్పష్టం. 1962 నాటి మొదటి సంపుటి 'మంచు పొలాల్లో నిశ్శబ్దం' నిజంగా అందమైన పుస్తకం. సాదా మాటలు, పొట్టి వాక్యాలు, ఊరి దారి, గడ్డివాము, రాత్రిపూట కారు ప్రయాణం. కాని పొలంలో పనిచేసే మనిషి బహు తక్కువ. అప్పు, పంట ధర, పక్కవాడితో పేచీ దాదాపు లేవు. అతని భార్య, కథకురాలు కరోల్ బ్లై అదే మిన్నెసోటా పల్లె జీవితం మీద 'లెటర్స్ ఫ్రమ్ ది కంట్రీ' అనే వ్యాసాల పుస్తకాన్ని 1981లో వెలువరించింది. అప్పటికి వాళ్లు విడిపోయారు. ఆ పుస్తకంలో ఊరు మాట్లాడుతుంది. చర్చి ఉంది, రైతులున్నారు, పైకి చెప్పుకోని కోపాలున్నాయి. భర్త మంచు కప్పి వదిలేసిన ఊరిని భార్య తవ్వి తీసిందనిపిస్తుంది. రెంటినీ పక్కపక్కన పెట్టి చదివినవారు మాత్రం తక్కువ.

చీలిన రెండు లోకాలను యుద్ధం కలిపింది. 1966లో బ్లై, డేవిడ్ రే కలిసి 'వియత్నాం యుద్ధ వ్యతిరేక అమెరికన్ రచయితలు' అనే సంఘం స్థాపించారు. విశ్వవిద్యాలయాల్లో వరుసగా యుద్ధ వ్యతిరేక కవి సమ్మేళనాలు జరిపించి, ఆ పఠనాలను చిన్న పుస్తకంగా వేశారు. అందులో చేర్చిన ఇ.ఇ. కమింగ్స్ రచనకు ప్రచురణకర్తలు అనుమతి నిరాకరిస్తే, ఆ పేజీని తీసెయ్యకుండా అక్షరాల మీద నల్లసిరా పూసి పుస్తకాన్ని అలాగే పంచారు. నాకు తెలిసినంతలో అంత బాగా సంపాదకీయం రాసిన నల్లమచ్చ మరొకటి లేదు.

1967 నాటి 'దేహం చుట్టూ వెలుగు' సంపుటికి మరుసటి ఏడు నేషనల్ బుక్ అవార్డు వచ్చింది. బ్లై వేదిక ఎక్కి, యుద్ధం మీద నోరు విప్పని ప్రచురణ సంస్థలను, తన పుస్తకం వేసిన సంస్థతో సహా, నిలదీశాడు. వెయ్యి డాలర్ల బహుమతి చెక్కును సైన్యంలో చేరడాన్ని ప్రతిఘటిస్తున్న యువకుల సంస్థకు అక్కడికక్కడే ఇచ్చేశాడు. బహుమతి తీసుకోవడమా, తిప్పికొట్టడమా అని మన దగ్గర జరిగే చర్చల్లో ఈ మూడో దారి కూడా గుర్తుండాలి.

1970లో వచ్చిన దీర్ఘకవిత 'ది టీత్ మదర్ నేకెడ్ ఎట్ లాస్ట్' అతని రచనల్లో అతి బలమైనది. విమానవాహక నౌక మీంచి లేచే విమానాలు, అధ్యక్షుడి అబద్ధాలు, అమెరికన్ ఇళ్లలోని సమృద్ధి, కాలిపోతున్న పిల్లలు ఒకే ఊపిరిలో వస్తారు. ఎక్కడో జరిగే హత్యకూ ఇక్కడి సుఖానికీ మధ్యనున్న తీగను ఆ పదచిత్రాలు పట్టి లాగుతాయి. నెరూడా దగ్గర నేర్చుకున్నది ఇక్కడ పూర్తిగా పండింది. కాని శీర్షికే చూడండి. ఇంత దూరం వచ్చి, యుద్ధానికి మూలం ఏమిటని అడిగితే, కోరలు చాచిన ఆదిమాత అని జవాబు! కంపెనీ లేదు, సైనిక కార్యాలయం లేదు. యూంగ్ మనస్తత్వశాస్త్రంలోంచి దిగివచ్చిన దేవత ఉంది. పతనం తరువాతెప్పుడో రాలేదు. అతని ఉత్తమ కవితలోనే దాని విత్తనం ఉంది.

యుద్ధం ముగిసింది. 1975లో బ్లై 'మహామాత' పేరుతో వార్షిక సదస్సులు మొదలుపెట్టాడు. 1990లో గ్రిమ్ సోదరుల జానపద కథ ఒకటి తీసుకుని, తండ్రి నీడ కరువైన అమెరికన్ మగవాడికి దాంతో వైద్యం చెప్పిన 'ఐరన్ జాన్' అరవై రెండు వారాలు అత్యధిక విక్రయాల జాబితాలో నిలిచింది. తండ్రి పని ఇంటి నుంచి కార్ఖానాకూ, ఆఫీసుకూ తరలిపోవడం వల్ల కొడుక్కి తండ్రి పరాయివాడయ్యాడని అందులో అతను గమనించాడు. మంచి గమనింపే. కాని అక్కడి నుంచి కార్ఖానా వైపు నడవకుండా అడవి వైపు నడిచాడు. ఇరాక్ యుద్ధం మీద 2004లో 'ది ఇన్‌సానిటీ ఆఫ్ ఎంపైర్' అనే చిన్న పుస్తకం వేసిన మాట నిజం. డెబ్బయ్యేడేళ్ల వయస్సులో ఆ పని చేసినవాణ్ణి కేవలం డప్పుల గురువు అనడం అన్యాయం.

మనకు మరీ దగ్గరి సంగతి కబీరు. బ్లై 1977లో వేసిన 'కబీర్ బుక్' అమెరికాలో విపరీతంగా చదివారు. అతనికి హిందీ రాదు. క్షితిమోహన్ సేన్ సేకరణ ఆధారంగా ఠాగూర్, ఎవెలిన్ అండర్‌హిల్ చేసిన పాతకాలపు ఇంగ్లీషును నేటి అమెరికన్ వాడుకలోకి మార్చాడు. ఆ మార్పులో ప్రాణముంది, ఒప్పుకోవాలి. ఠాగూర్ ఇంగ్లీషులోని గుడిగంటల బరువు పోయి మనిషి గొంతు వినిపిస్తుంది. అయితే ఆ సేకరణే వడపోసిన కబీరు. అందులోని పదాల్లో ఎన్ని నిజంగా కబీరువో పండితులకు గట్టి సందేహాలున్నాయి. వడపోసినదాన్ని బ్లై మళ్లీ వడపోశాడు. యోగుల మీదా గ్రంథాల మీదా ఎగతాళి మిగిలింది. కులం మీద కోపం పలచబడింది. సాలెవాడు పోయి, పరవశుడు నిలిచాడు. వయెహో విషయంలో జరిగిందే ఇక్కడా జరిగింది. లోపల ఉన్నది తీసుకుని, దాన్ని పుట్టించిన బయటిదాన్ని గుమ్మంలో వదిలెయ్యడం.

విచిత్రమేమంటే, అనువాదం ఎలా చెయ్యాలో బాగా తెలిసినవాడు బ్లై. 1983 నాటి 'అనువాదంలో ఎనిమిది దశలు' అనే రచనలో రిల్కే కవిత ఒకటి తీసుకుని తన చిత్తు ప్రతులన్నీ పాఠకుడి ముందు పరిచాడు. ఆ భాషలో పుట్టి పెరిగిన మనిషికి అనువాదం చూపించి సరిచేయించుకోవడం ఆ దశల్లో ఒకటి. అనువాదం నేర్చుకునే ప్రతి విద్యార్థీ చదవవలసిన రచన అది. గాలిబ్ గజళ్ల దగ్గరికి వచ్చేసరికి, 1999లో, ఉర్దూ తెలిసిన సునీల్ దత్తాతో కలిసి పనిచేశాడు. 1977లో కబీరుకు ఆ గౌరవం దక్కలేదు. వయెహోకు ఇచ్చిన ఎదుటి పేజీ కూడా దక్కలేదు. కబీరు పుస్తకంలో మూలం లేదు; పాఠకుడికి పట్టుకునే హక్కు లేదు.

ఆ ఎదుటి పేజీని మనమే సమకూర్చుకోవచ్చు. 1983లోనే లిండా హెస్, శుకదేవ్ సింగ్ కలిసి చేసిన 'బీజక్' ఇంగ్లీషు అనువాదం వచ్చింది. అంటరానితనం ఎక్కడి నుంచి పుట్టిందో చెప్పమని పండితుణ్ణి నిలబెట్టి అడిగే కబీరు అందులో ఉన్నాడు. బ్లై పుస్తకం ఎడమ చేతిలో, అది కుడి చేతిలో పట్టుకుని, మగ్గం చప్పుడు ఏ పుస్తకంలో వినిపిస్తుందో, ఏ పేజీ దగ్గర ఆగిపోతుందో చూడండి.