థూసిడిడీసు మౌనము

క్రీ. పూ. 431లో ఏథెన్సు, స్పార్టాల నడుమ మొదలైన యుద్ధమునకు థూసిడిడీసు వ్రాసిన చరిత్రను మెచ్చువారు ముందుగా అతని నిష్పక్షపాతమును పేర్కొందురు. ఆ ప్రశంస సత్యమే కాని చాలదు. అతడు తన నగరముపై తీర్పు చెప్పియే యున్నాడు. దానిని నోట పలుకక కథాక్రమమున కప్పగించినాడు.

427లో ఏథెన్సు సభ, తిరుగబడిన మిటిలీనీ పురుషులనెల్ల వధింప నిశ్చయించి ఓడను పంపినది. మరునాడే మనసు మార్చుకొని, ఆ యాజ్ఞను ఆపుటకు రెండవ ఓడను పంపినది. దాని నావికులు ద్రాక్షాసవమును నూనెను కలిపిన యవలపిండిని తెడ్లు విడువకయే తినుచు సాగిరట. మొదటి ఓడ, మోయుచున్నది ఘోరమైన ఆజ్ఞ గనుక, త్వరపడలేదట. యుద్ధచరిత్రలో యవలపిండికి పనియేమి? ఆ నగరమునకు దయ ఇంకను మిగిలియున్నదని చూపుటకు ఇంతకంటె సాక్ష్యము అతనికి అక్కరలేకపోయినది.

416లో మెలోసు ద్వీపమునకు రెండవ ఓడ బయలుదేరలేదు. ఇచట చరిత్ర హఠాత్తుగా నాటకరూపము ధరించును. మాటలాడువారికి పేర్లు లేవు. ఏథెన్సువారు, మెలోసువారు, అంతియే. న్యాయప్రసంగమును ప్రక్కకు నెట్టి ఏథెన్సు దూతలు బలమును గూర్చియే వాదింతురు. ఆ మాటలు ఎంతవరకు యథాతథములో పండితులు తేల్చుకొందురు గాక. రచయితలు చూడవలసినది కొలత. సంవాదము పుటలకొలది సాగును. పురుషులను చంపి స్త్రీలను శిశువులను బానిసలుగా అమ్మిన వార్త ఒక్క వాక్యమున ముగియును. అందు జాలిగొలుపు విశేషణ మొక్కటియు లేదు. వెనువెంటనే సిసిలీ దండయాత్రకు ఉవ్విళ్ళూరు ఏథెన్సు కనబడును. 413లో ఆ సేన యెట్లు నశించెనో పాఠకుడు మరువలేడు.

ఈ నిగ్రహము గ్రంథమంతట నిలిచినదని చెప్పరాదు. సేనానిగా 424లో ఆంఫిపోలిసును కాపాడలేక ఇరువదియేండ్లు ప్రవాస మనుభవించినవాడు, తన శిక్షను మాత్రము ఒక వాక్యముతో సరిపెట్టినాడు. కాని క్లియోను పేరు వచ్చినచోట కలము వేడెక్కును. పౌరులలో అతి క్రూరుడను మాట అచట దొరలును. క్లియోను అట్టివాడే కావచ్చును. అయినను పాఠకుని తీర్పును రచయితయే లాగికొనిన అట్టి చోట్ల గ్రంథము ఒక మెట్టు దిగినది.

చరిత్ర 411 నాటి సంఘటనల నడుమ ఆగిపోయినది. దానిని కొనసాగించిన జెనొఫోను, 405లో నౌకాదళము నాశమైన వార్త వచ్చిన రాత్రి ఏథెన్సులో ఎవరును నిద్రపోలేదని వ్రాసినాడు. మెలోసువారికి తాము చేసినది తమకు జరుగునని వారి భయము.