సోమవారం కోసం చేసే పని

వీధి మలుపులో పేరుకున్న చెత్తకుప్పను ఎత్తిపోయడం పెద్ద విద్యేం కాదు. రెండు పారలు, నాలుగు తట్టలు, ఒక ఆదివారం పొద్దున చాలు. కానీ సోమవారానికి మళ్లీ అక్కడే సంచులు పడతాయి. బెంగళూరులో 2010లో మొదలైన 'ది అగ్లీ ఇండియన్' స్వచ్ఛంద బృందం పనితనమంతా ఆ సోమవారం మీదే నడుస్తుంది.

వీళ్లు పేర్లు చెప్పరు. 'కామ్ చాలూ, మూహ్ బంద్' అన్నది వాళ్ల నినాదం: పని కానీయ్, నోరు కట్టెయ్. 2014లో టెడ్ఎక్స్ ఉపన్యాస వేదికెక్కిన వాళ్ల మనిషి ముసుగుతోనే మాట్లాడాడు. చీపుర్ల కన్నా కెమెరాలే ఎక్కువ కనిపించే స్వచ్ఛతా కార్యక్రమాలకు అలవాటు పడ్డ మనకిది వింతే!

వాళ్లు 'స్పాట్‌ఫిక్స్' అనే పనిలో సగం చీపురు పట్టకముందే అయిపోతుంది. ముందు నిలబడి చూస్తారు. ఎవరు పారేస్తున్నారు, ఏ వేళకి, ఈ మూలే ఎందుకు? చెత్తబండి రాకముందే పనికి పోవలసిన వాళ్లా, రాత్రి కొట్టు కట్టేసే హోటలు వాళ్లా? అది తేలాక చెత్త తీస్తారు, విరిగిన ఫుట్‌పాత్ బండలు సరిచేస్తారు, గోడకు రంగేస్తారు. గోడ అడుగున ముదురు ఎరుపు, పైన లేత రంగు. ఆ ఎరుపు అందానికి కాదు, కిళ్లీ ఉమ్ములు కనబడకుండా. ఉమ్మేవాణ్ని తిట్టకుండా అతని మరకను ముందే లెక్కలో వేసుకున్న ఈ ఉపాయమే నాకు అన్నిటికన్నా నచ్చింది. 'ఇచట చెత్త వేయరాదు' అన్న బోర్డు కిందే కుప్ప పెరగడం చూడని ఊరుందా? వీళ్లు బోర్డు బదులు పూలకుండీ పెడతారు.

లోటు లేదనను. బండి వేళకు రాకపోతే కుప్ప పక్క సందుకు పోతుంది, అంతే. అది మునిసిపాలిటీ తీర్చవలసిన లోటు.

మరి కురుచికుప్పంలో ఈ పద్ధతి పనికొస్తుందా? పుదుచ్చేరిలో ఉత్తరం వైపున్న ఈ బెస్తపేట సంగతి వేరు. 1980ల చివర్లో ఊరికి దక్షిణాన హార్బరు గోడలు లేచాక, ఉత్తరానికి కదిలే ఇసుక అక్కడే ఆగిపోయింది. ఇక్కడి ఒడ్డు కోసుకుపోయింది. ఇసుక ఉండాల్సిన చోట బండరాళ్లు పోశారు. రాళ్ల సందుల్లో ఇరుక్కున్న సంచుల్ని, తెగిన వలముక్కల్ని పారతో తీయలేం, వంగి చేత్తో లాగాల్సిందే. అలలు తడిపే రాయికి రంగూ నిలవదు. బెంగళూరు వాళ్ల పద్ధతిలో మొదటి మెట్టు మాత్రం ఇక్కడికీ సరిపోతుంది. కురుచికుప్పం కుర్రాళ్లూ, వచ్చే ఆదివారం చీపుర్లు ఇంట్లోనే ఉంచండి. మీ సందు చివర కుప్ప దగ్గర తెల్లవారకముందే కూర్చుని, ఎవరొస్తున్నారో, ఎందుకొస్తున్నారో ముందు చూడండి.