తూకానికి అందని బరువు: టిమ్ ఓబ్రయన్ కథ – ఒక పరిశీలన

యుద్ధకథలలో సైనికుని భారం సాధారణంగా మనోవేదనగానే వర్ణితమవుతుంది. అమెరికన్ రచయిత టిమ్ ఓబ్రయన్ దానిని తూచి చూపాడు. 1969-70లో వియత్నాంలో పదాతి సైనికుడిగా పనిచేసిన ఆయన 1990లో ‘ది థింగ్స్ దే క్యారీడ్’ సంపుటిని వెలువరించాడు. అందులోని శీర్షికా కథ దేనిని తూచింది, దేనిని తూచకుండా వదిలింది అన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

కథ జాబితాగా సాగుతుంది. మెషిన్‌గన్ 23 పౌండ్లు. బ్యాటరీతో కలిపి రేడియో 26 పౌండ్లు. ఉక్కు శిరస్త్రాణం 5 పౌండ్లు. లెఫ్టినెంట్ జిమ్మీ క్రాస్ దాచుకున్న మార్తా ఉత్తరాలు 10 ఔన్సులు. ఆయుధానికీ ప్రేమకూ ఒకే వరుస, ఒకే క్రియ. తెలుగులో మూటనూ దుఃఖాన్నీ మోయడమనే అంటాం గనుక దీనిని వాడుకలో అరిగిన రూపకంగా భావించే అవకాశముంది. కథ మాత్రం ఆ క్రియను వాచ్యార్థంలోనే నిలుపుతుంది. గ్రెనేడ్ లాంచర్ మోసేవారి వద్ద మామూలుగా 25 గుళ్లు ఉంటాయి. భయస్తుడైన టెడ్ లావెండర్ మరణించేనాటికి 34 మోస్తున్నాడు. అతని భయాన్ని ఎవరూ తూచలేదని కథకుడు సూచిస్తాడు. కాని అదనంగా ఉన్న ఆ తొమ్మిది గుళ్లే దాని తూకం.

లావెండర్‌కు తూటా తగిలినప్పుడు క్రాస్ మనసు మార్తాపై ఉంది. మరునాడు అతడు ఉత్తరాలను, ఛాయాచిత్రాలను తగలబెడతాడు. పది ఔన్సులు తగ్గాయి, అపరాధభావం తగ్గలేదు. వస్తువును వదిలించుకున్నంత సులువుగా బరువును వదిలించుకోలేమన్నది ఈ ఘట్టం సారం.

అయితే లావెండర్ మరణానంతరం సైనికులు థాన్ ఖే గ్రామాన్ని తగలబెట్టిన సంగతి కొద్ది మాటలలోనే ముగుస్తుంది. ఔన్సులదాకా లెక్కించిన కథనం గ్రామస్థులు కోల్పోయినదానికి జాబితా ఇవ్వదు. దృష్టికోణం సైనికులది, తమ వీపున ఉన్నదే వారి లెక్కలోకి వస్తుంది, ఇతరులపై మోపినది రాదు. ఇది రచయిత విస్మరణ అనడం తొందరపాటు. అదే సంపుటిలోని ‘ది మ్యాన్ ఐ కిల్డ్’ కథలో మృతుడైన వియత్నాం యువకుని జీవితాన్ని కథకుడు సుదీర్ఘంగా ఊహిస్తాడు. కాని అక్కడ కూడా ఆ జీవితం చంపినవాని ఊహలోనే రూపుదిద్దుకుంటుంది. మృతునికి స్వరం లేదు.

కనుక ఈ కథ సాధించిన విజయాన్నీ దాని పరిమితినీ విడదీయలేము. సైనికుని భారాన్ని ఇంత నిర్దుష్టంగా చూపిన తూకమే, ఆ భారం చివరకు ఎవరిపై పడిందన్న ప్రశ్నను పాఠకునికి వదిలిపెట్టింది. యుద్ధ సాహిత్యాన్ని బోధించేటప్పుడు మొదటిదానితో సంతృప్తిపడి రెండవదాన్ని దాటవేయడం సముచితం కాదు.